బస్సు వెళ్ళాక తుమ్మే అక్క

నిన్న సాయంత్రం మందుల షాపులో నాకంటే ముందున్న పెద్దమనిషి ముక్కులో కొట్టుకునే స్ప్రే కొనుక్కున్నాడు. షాపతను సీసా ఇచ్చి, చిల్లర ఇచ్చి, తరవాత ఎవరన్నట్టు నావైపు చూశాడు. ఎలా వాడాలో ఒక్క ముక్క చెప్పలేదు. ఈయన మెట్ల మీదే మూత తీసి, మొహం ఆకాశానికెత్తి, నస్యం పీల్చినట్టు గట్టిగా ఎగపీల్చాడు. చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. మా ఆయన దీన్ని రోగమంటారు. వెళ్ళి, "తల వెనక్కి వాల్చకండి, కాస్త ముందుకి వంచండి. ఆ చేత్తో కాదు, ఈ చేత్తో కొట్టుకోండి" అని చెప్పాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీరు డాక్టరా?" అన్నాడు. కాదన్నాను. "మరి?" అన్నాడు.

మరి అంటే ఏం చెప్పను? కిరండూల్‌లో మా పక్క క్వార్టర్‌లో ఒక అక్క ఉండేదని, ఆవిడ బతుకంతా ఆ ముక్కు చుట్టూనే నలిగిపోయిందని షాపు మెట్ల మీద నిలబడి చెప్పగలనా? పోయిన నెలలో ఆవిడ చనిపోయింది. కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. ఫోన్ పెట్టేసి అన్నం వండాను, తిన్నాను, గిన్నెలు తోముకున్నాను. ఏడుపు రాలేదు. నిన్న ఆ మెట్ల మీద వచ్చింది. పెద్దమనిషి కంగారుపడి, సీసా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పెళ్ళయి బొబ్బిలి నుంచి, ఇనుప ఖనిజం తవ్వే కొండల ఊరు కిరండూల్ వచ్చిన కొత్తలో నాకు బాగా గుర్తుండిపోయిన చప్పుళ్ళు రెండు. ఒకటి ఖనిజం రైలుది. రెండోది గోడవతల అక్క తుమ్ములది. పొద్దున్న షిఫ్టు బస్సు వచ్చి, మా వరసలో మగవాళ్ళందరినీ ఎక్కించుకుని, మలుపు తిరిగి కొండ ఎక్కేవరకూ గోడవతల మనిషి ఉన్న జాడే ఉండేది కాదు. బస్సు మోత పూర్తిగా అణిగాక పెరటి గోడ మీంచి గొంతు వచ్చేది.

"బస్సు ఎల్లిందా చెల్లె?"

"ఎల్లిపోయిందక్కా."

"అందరు ఎక్కిన్రా? ఏదన్న మర్చిపోయి ఎవరు ఎన్కకు రాలే గద?"

"ఎవరూ రాలేదక్కా."

అప్పుడు మొదలయ్యేవి. మధ్యలో దేవుణ్ణి తలుచుకోవడానికి కూడా సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి. అంతసేపూ బిగబట్టి ఉంచినవన్నీ ఒక్కసారిగా వదిలేది. అయిపోయాక పైట చెంగుతో మొహం తుడుచుకుని, నీళ్ళు కారే ఎర్రటి కళ్ళతో గోడ మీద మోచేతులానించి, "ఏం కూర చెల్లె ఇయ్యాల?" అనేది. కొత్తలో నాకు నవ్వొచ్చేది. ఇంత మర్యాదగా తుమ్మే మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఆవిడది దోర్నపాల్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో హల్బీ, అడవి వైపు వాళ్ళతో గోండీ, ఆస్పత్రిలో హిందీ మాట్లాడేది. నాలుగు భాషల్లోనూ తుమ్మగలవక్కా అని నేను ఆటపట్టిస్తే నవ్వేది. ఆ నవ్వులో కూడా చూపుడువేలు పైపెదవి మీద అడ్డంగానే ఉండేది. తుమ్ము వచ్చేలా ఉంటే అక్కడ నొక్కి పట్టుకోవడం ఆవిడకి చిన్నప్పటి నుంచి అలవాటు. నొక్కి నొక్కి అక్కడ చర్మం కాయ కాసింది. వేలు అడ్డం పెట్టుకునే మాట్లాడేది, బేరమాడేది, పొయ్యి ఊదేది.

వాళ్ళ ఊళ్ళో ఇప్పపువ్వు రాలే రోజుల్లో పువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉండాలని చెట్ల కింద ఆకులు కాలుస్తారట. ఆ పొగకి, ఆ పుప్పొడికి ఈ పిల్లకి తుమ్ములు పట్టుకున్నాయి. ఇక వదల్లేదు. పొలానికి మొదటి విత్తనం ఎత్తే రోజున ఈమెని పక్కూరు మేనత్త ఇంటికి పంపేసేవారు. "కొట్టలే, తిట్టలే చెల్లె. మంచిగనే పంపేటోళ్ళు. మా అమ్మ తలకు నూనె పెట్టి, జడేసి పంపేది" అనేది. అది చెప్పేటప్పుడు కూడా ఎవరి మీదా కోపం లేదు ఆవిడకి. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

బయలుదేరే మనిషి గుమ్మం దాటుతుంటే ఎవరైనా తుమ్మితే మనవాళ్ళు ఏం చేస్తారో తెలిసిందే. వెనక్కి వచ్చి కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి, కాసేపాగి వెళ్తారు. జంట తుమ్మైతే పర్వాలేదు, ఒంటి తుమ్మైతే మంచిది కాదంటారు. బొబ్బిలిలో మాకది ఒక ముచ్చట. కొండ మీద పేలుళ్ళ మధ్య, కొండంత డంపర్ లారీల మధ్య పనిచేసి రావలసిన మగవాళ్ళున్న వరసలో అది ముచ్చట కాదు.

అక్క భర్త పోయింది నేను వెళ్ళకముందే. ఒక మధ్యాహ్నం చింతపండు గింజ తీస్తూ తనే చెప్పింది. చేతులు ఆగలేదు, చింతపండు వైపే చూస్తూ చెప్పింది.

"వాన పడుతుండె. ఆయన చెప్పులేసుకుంటుండు. నాకు లోపల్నుంచి ఒస్తున్నది. ఆపిన, ఆపిన, ఆగలే చెల్లె. ఒక్కటే తుమ్మిన. కూసో, నీళ్ళు తాగిపో అన్న. బస్సు పోతదే పిచ్చిదానా అన్నడు. నవ్విండు. నవ్వుకుంటనే పోయిండు."

బస్సు ఆగే మలుపు దగ్గర వానకి నానిన పెద్ద చెట్టు కూలింది. అక్కడ నిలబడ్డ వాళ్ళలో ఆయన ఒక్కడికే తగిలింది.

"ఒక్క గ్లాసెడు నీళ్ళు తాగే అంతసేపు కూసుంటే, ఆ చెట్టు ఉత్త నేల మీద పడేది" అంది అక్క.

నాకు శకునాల మీద నమ్మకం లేదు. ఎవరితోనైనా వాదించగలను. తుమ్ము వల్ల చెట్టు పడదని చెప్పగలను. కూర్చుని ఉంటే బతికేవాడన్నది మాత్రం నిజమే కదా! ఆ నిజం ఆవిడని లోపల్నుంచి తినేసింది. వరసలో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కానీ మగవాళ్ళు బయలుదేరే వేళకి ఆడవాళ్ళు ఒకసారి గోడ మీంచి అక్క ఎక్కడుందో చూసుకునేవారు. ఆ చూపు తన మీద పడకముందే పెరట్లోకి వెళ్ళిపోవడం అక్క నేర్చుకుంది. అలా ముందు గుమ్మంలో నిలబడి ఎవరినీ సాగనంపకుండానే ఏళ్ళు గడిచాయి. కొడుకు బడికి వెళ్ళిన రోజుల్లో కూడా లోపలి గదిలోంచే పంపింది.

ఆ కొడుకు పెద్దవాడై, కొండ మీద డంపర్ నడిపే పనిలో చేరాడు. మేమందరం మిఠాయి తిన్నాం. అక్క తినలేదు. ఇక రోజూ గండమే ఆవిడకి. వాడు షూ లేసులు కట్టుకుంటుంటే పెరట్లో రెండు చేతులతో మొహం నొక్కుకుని గోడకి ఒరిగి నిలబడేది. ఒకసారి ఆ స్థితిలో చూసి నాకు భయం వేసింది. ఊపిరి తీసుకోవడం లేదు, మెడ నరాలు ఉబ్బాయి.

అంతలో ఎవరో బజారులో దొరికే ముక్కు చుక్కలు చెప్పారు. వేసిన కాసేపటికే ముక్కు తెరుచుకునేది. అక్క ప్రాణం లేచొచ్చింది. ఆ సీసా జాకెట్లోనే ఉండేది. కొద్ది రోజులకి చుక్కల పని అయిపోగానే ముక్కు ముందుకంటే గట్టిగా మూసుకుపోవడం మొదలైంది. మళ్ళీ చుక్కలు, మళ్ళీ మూత. నోరు తెరుచుకునే నిద్రపోయేది, నోరు తెరుచుకునే అన్నం తినేది. ఇంతా చేసి తుమ్ములు తగ్గలేదు.

నేనే పట్టుబట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఒడిశా వైపు నుంచి వచ్చిన కుర్ర డాక్టరు. టార్చితో చూసి, చుక్కలు వాడుతున్నావా అని అడిగి, అవి రెండు మూడు రోజులకి మించి వాడే మందు కాదని, ముక్కు వాటికి అలవాటుపడిపోయిందని చెప్పాడు. ఒక స్ప్రే రాసిచ్చాడు. అక్క ఆదుర్దాగా, "సాబ్, బేటా నికల్తే టైమ్ మారూ?" అంది. అంటే, కొడుకు బయలుదేరేటప్పుడు కొట్టుకోవాలా అని.

అలా కాదన్నాడు డాక్టరు. తుమ్ము వచ్చినా రాకపోయినా రోజూ పొద్దున్న ఒకసారి, తను రాసినంతే. ఇవాళ కొట్టుకున్నది ఇవాళ్టి తుమ్ముని ఆపదు. పని కనిపించడానికి రోజులు పడతాయి, ఒకోసారి రెండు వారాలు కూడా. అన్ని తుమ్ములూ ఆగవు, జలుబు చేస్తే, మిరపకాయ ఘాటు తగిలితే ఎవరైనా తుమ్ముతారు.

"అన్నీ ఆగయా?" అంది అక్క నావైపు తిరిగి. ఆ మాట దగ్గరే ఆవిడ మొహం వాడిపోయింది. తక్కిన సలహాలు ఆవిడ చెవికెక్కలేదని నాకు అప్పుడే తెలియాల్సింది.

మందుల షాపులో ఇంకో గోల. అతను సీసా అటూ ఇటూ తిప్పి, "ఇది స్టెరాయిడ్" అన్నాడు. అంతే, అక్క కౌంటర్ దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. వాళ్ళ ఊళ్ళో ఒకామె ఎవరో ఇచ్చిన మాత్రలు ఏళ్ళ తరబడి మింగి, ఒళ్ళంతా ఉబ్బి చనిపోయిందట. నేను మళ్ళీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. అడ్డూ అదుపూ లేకుండా మింగే మాత్రలు వేరు, ఇది వేరు, ఇది కొంచెం మోతాదు, చాలావరకు ముక్కులోనే పనిచేస్తుంది అన్నాడు. అలాగని సొంతంగా ఎక్కువ కొట్టుకోవద్దు, రక్తం వచ్చినా చూపు మసకబారినా వెంటనే రా, బాగానే ఉన్నా మధ్య మధ్య వచ్చి చూపించుకో, ఒకరి సీసా ఇంకొకరు వాడొద్దు అన్నాడు.

అక్క బుద్ధిగా తలూపింది. ఊపి ఇంటికొచ్చి తనకి తోచిందే చేసింది. ఆవిడకి కావలసింది ముక్కు బాగుపడటం కాదు, కొడుకు గుమ్మం దాటే ఆ కాస్సేపు తుమ్ము రాకుండా ఉండటం. అందుకని వాడు షిఫ్టుకి బయలుదేరితే కొట్టుకునేది. బజారుకి బయలుదేరితే కొట్టుకునేది. చివరికి నేను బొబ్బిలి వెళ్ళడానికి రైలెక్కబోతుంటే, నా కోసం కూడా కొట్టుకుందట! సీసా మొన ముక్కు మధ్య గోడకి ఆనించి, తల వెనక్కి పడేసి, బుర్రకెక్కేలా పీల్చేది.

ఒకరోజు నేను వాకిలి ఊడుస్తున్నాను. పక్కనే వాళ్ళ గుమ్మం తెరిచే ఉంది. కొడుకు షూ వేసుకుని లేచాడు. లోపల అక్క సీసా కొట్టుకుంటోంది. వాడు "పోయొస్త అమ్మా" అన్నాడు. ఈవిడ ఏదో అనబోయి ముందుకొచ్చింది. ముక్కులోంచి రక్తం. పెదవి మీంచి, గడ్డం మీంచి, గుమ్మం పసుపు మీద పడింది.

అక్క పెట్టిన కేక నా చెవుల్లో ఇంకా ఉంది. తుమ్ముకే చచ్చిపోయే మనిషి, కొడుకు గడప మీద రక్తం చూసింది. వాడి కాళ్ళు రెండు చేతులా చుట్టేసి, "పోకు కొడుకా, నీ కాళ్ళు మొక్కుత, పోకు" అంటూ నేల మీద పడిపోయింది. వాడు మొదట తల్లి ముక్కు తుడిచాడు, నీళ్ళు పట్టాడు. బయట బస్సు హారన్ కొట్టింది, కొట్టింది, వెళ్ళిపోయింది. అప్పుడు వాడికి కోపం వచ్చింది.

"రోజు గిట్ల చేస్తే నేను డ్యూటీ ఎట్ల జెయ్యాలె అమ్మా? స్టీరింగ్ పట్టుకుంటే నీ ఏడుపు మొఖమే యాదికొస్తది. నీ కంటి ముందర నుంచి ఎల్తేనే గద నీకు గీ బాధ!"

ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని ఊరికి ఆ చివర ఉన్న స్నేహితుడి గదికి మారిపోయాడు. వాడిదీ తప్పు కాదు. తల్లిని ప్రేమించేవాడే. ప్రేమించేవాడు కాబట్టే తట్టుకోలేకపోయాడు.

మర్నాడు పొద్దున్న బస్సు వెళ్ళాక గోడ మీంచి గొంతు రాలేదు. నేనే వెళ్ళాను. అక్క చీపురు పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"మొగుణ్ణి తుమ్మి పంపిన. కొడుకును తుమ్మకుండ పంపిన. ఇద్దరు లేరు చెల్లె" అంది. తరవాత, "ఈ ముక్కు కోసి తీసెయ్యమని డాక్టరును అడుగుదాం పా" అంది. నవ్వులాటకి కాదు. నిజంగానే అడిగింది డాక్టర్ని.

అతను నవ్వలేదు, తిట్టలేదు. టార్చి వేసి నన్ను కూడా చూడమన్నాడు. ముక్కు మధ్య గోడ మీద పుండు పడింది. ఇలాగే సాగితే ఆ గోడకి చిల్లు పడొచ్చన్నాడు. స్ప్రే ఆపించి, కొన్నాళ్ళు ఉప్పునీటి చుక్కలు మాత్రమే వేయించి, పుండు మానిందని చూసుకున్నాక మళ్ళీ మొదలుపెట్టమన్నాడు. ఈసారి ఎలా పట్టుకోవాలో చేతిలో పెట్టి చూపించాడు. కుడి చెయ్యి ఎడమ ముక్కుకి, ఎడమ చెయ్యి కుడి ముక్కుకి. అప్పుడు మొన మధ్య గోడ వైపు తిరగదు, బయటి వైపు, చెవి వైపు తిరుగుతుంది.

ఇంటికొచ్చేసరికి అక్క చేతులు మళ్ళీ తారుమారు. నాకు విసుగొచ్చి, "అక్కా, గుంజీళ్ళు తీసేటప్పుడు చెవులెలా పట్టుకుంటావు?" అన్నాను.

"బళ్ళె పంతులు తీయించెటోడు" అని ఠక్కున రెండు చేతులూ అడ్డంగా మార్చి చెవులు పట్టుకుంది.

"అదే. చెవుల బదులు ముక్కు."

పుండు మానాక రోజూ పొద్దున్న పళ్ళు తోముకున్నాక గోడకి అటు అక్క, ఇటు నేను. సీసా ఊపాలి. ముక్కు మెల్లిగా చీదాలి. తల కాస్త వంచాలి. ఒక చెవి పట్టుకుని గుంజీ తీయబోయే పిల్లలా నిలబడి కొట్టుకునేది. "ఎగపీల్చకు! పువ్వు వాసన చూసినట్టు పీల్చు" అని నేను అరిచేదాన్ని. "పువ్వు వాసన చూస్తే నాకు తుమ్మొస్తది చెల్లె" అనేది. మొన తుడిచి, మూతపెట్టి, సీసాని కళ్ళకద్దుకుని దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన పెట్టేది. ఆ కళ్ళకద్దుకోవడం డాక్టరు చెప్పింది కాదు.

ఏ మార్పూ కనిపించని రోజులు చాలా గడిచాయి. "ఉత్త నీళ్ళు చెల్లె ఇవి. వాడు ఇగ రాడు" అనేది. నేను కసిరేదాన్ని. కసిరి లోపలికొచ్చి, ఇది కూడా పనిచేయకపోతే ఈ మనిషి ఏమైపోతుందోనని వణికేదాన్ని.

ఒక పొద్దున్న బస్సు వెళ్ళిపోయింది. "బస్సు ఎల్లిందా" అన్న మాట వచ్చింది, నేను జవాబు చెప్పాను. ఆ తరవాత చప్పుడు లేదు. కంగారుగా గోడ మీంచి తొంగి చూస్తే, అక్క వేలు పెదవి మీద పెట్టుకుని కూర్చుని ఎదురుచూస్తోంది.

"వస్తలేదు చెల్లె" అంది. అది చెప్పేటప్పుడు కన్నీళ్ళు కారిపోతున్నాయి.

నేను కబురు పెట్టాను, కొడుకు తిరిగొచ్చాడు. అయినా అక్క ముందు గదిలోకి రాలేదు. "ముక్కు బాగయింది. భయం బాగుకాలే" అంది. వాడు పొద్దున్నే షూ వేసుకుని, "అమ్మా, ముందటికి రా. నువ్వు రాకుంటే నేను కదల" అని కూర్చునేవాడు. ఒకరోజు నడిమి గది దాకా వచ్చింది. ఇంకోరోజు తలుపు చాటుకి వచ్చింది. చివరికి ఒకనాడు పెదవి మీద వేలు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. వరసలో ఆడవాళ్ళందరం మా మా వాకిళ్ళలో ఊపిరి బిగబట్టి చూశాం. వాడు బస్సెక్కాడు. బస్సు కదిలింది, మలుపు తిరిగింది.

అక్క నావైపు తిరిగి, "చెల్లె, బస్సు ఎనక ఏదో రాసుందే! ఏంది అది?" అంది.

ఏళ్ళ తరబడి మా గుమ్మాల ముందు నుంచి వెళ్ళిన బస్సు వెనక ఏం రాసుందో ఆవిడకి తెలియదు. ఎప్పుడూ చూడలేదు. "ఫిర్ మిలేంగే అని రాసుందక్కా. మళ్ళీ కలుద్దాం అని" అన్నాను. అలాగే గడప మీద కూలబడిపోయింది. ఏడ్చిందో నవ్విందో నేను విడదీసి చెప్పలేను.

తరవాత మా ఆయన రిటైరయ్యారు, మేం విశాఖపట్నం వచ్చేశాం. అక్క రోజూ గుమ్మంలో నిలబడుతోందని, డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తోందని, అప్పుడప్పుడూ చేసుకునే ఫోన్లలో తెలిసేది.

పోయిన నెల కొడుకు చేసిన ఫోన్‌లో చెప్పింది ఇది.

"పొద్దుగాల నేను బయలెల్లుతున్న చిన్నమ్మా. అమ్మ దర్వాజ కాడ నిలబడ్డది. జలుబు చేసుండె. ఒక్కటి తుమ్మింది. ఒక్కటే. అమ్మ మొఖంల నెత్తురు లేదు. నన్ను ఆపలే. ఆపెతందుకు నోరు రాలే. నేను షూ ఇప్పిన. లోపలికొచ్చి కూసున్న. అమ్మా, నీళ్ళియ్యి అన్న. తెచ్చిచ్చింది. తాగిన. నా పక్కన కూసుని నా మోకాలు మీద చెయ్యేసింది. బస్సు హారన్ కొట్టి ఎల్లిపోయింది. ఎల్లనీ అన్న. మా నాయన కూసోలే గద చిన్నమ్మా, నేను కూసున్న. చానసేపు కూసున్నం. అటెన్క నా బండి మీద పోయిన. మాపటికి వచ్చేసరికి చాప మీద పండుకున్నట్టే ఉన్నది. లేపిన, లేవలే."

తరవాత వాడే, "ఆ తుమ్ము రాకుంటే నేను కూసునేటోణ్ణి కాదు" అన్నాడు.

ఫోన్ పెట్టేసే ముందు వాడు ఒక మాట అడిగాడు. దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన అమ్మ సీసా ఉందట, సగం పైగా మందుందట. వరసలో ఇంకొకరికి ఇలాగే తుమ్ములున్నాయి, వాళ్ళకి ఇయ్యొచ్చా అని.

"వద్దు నాన్నా. ఒకరిది ఇంకొకరు వాడకూడదు. వాళ్ళని డాక్టరు దగ్గరికి వెళ్ళమను" అన్నాను. "అది మీ అమ్మది. అక్కడే ఉండనీ."